నింపేది యంత్రం, సరిచూసుకోవలసింది మనం



2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్లను అమలులోకి తెచ్చింది. వాటి మంచిచెడ్డల గురించి సంఘాలు చెప్పవలసింది చెబుతూనే ఉన్నాయి. ఆ చర్చ ఈ సంపాదకీయంలో చేయబోవడం లేదు. వాటివల్ల మన చేతుల్లోకి రాబోయే కాగితాల గురించే ఇక్కడ చెప్పదలచుకున్నాము. ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలని, జీతం చీటీ ఇవ్వాలని ఈ కోడ్లు చెబుతున్నాయి. ఏళ్ళ తరబడి పనిచేయించుకుని ఒక్క కాగితం ముక్క కూడా చేతికివ్వని యాజమాన్యాలు సైతం ఇకమీదట బొత్తులు బొత్తులుగా పత్రాలు అచ్చు వేయక తప్పదు.

రెండు వందల మందికో రెండు వేల మందికో ఇవ్వవలసిన పత్రాలను ఏ గుమాస్తా కూర్చుని చేత్తో రాయడు. కంప్యూటరు నింపుతుంది. ఒకసారి మీట నొక్కితే టీ తాగి వచ్చేలోగా వెయ్యి పత్రాలు తయారవుతాయి. అన్నింటిలోనూ అవే వాక్యాలు ఉంటాయి. పేరు, టోకెను నంబరు, చేరిన తేదీ, జీతం మాత్రం మారుతాయి. ఆ పత్రం మీ చేతికి వచ్చినప్పుడు "కంప్యూటరు వేసింది, తప్పెందుకుంటుంది?" అనుకుని సంతకం పెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పడుగు, పేక

ముందు ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకుందాం. ఇందులో మనకు అర్థం కానిది ఏమీ లేదు. కంప్యూటరులో రెండు దస్త్రాలు ఉంటాయి. ఒకటి నమూనా పత్రం. అందులో మారని వాక్యాలన్నీ ఉంటాయి, మారే విషయాల చోట ఖాళీలుంటాయి. ఒక్కో ఖాళీకి ఒక్కో గుర్తు ఉంటుంది: ఇక్కడ పేరు, ఇక్కడ తేదీ, ఇక్కడ జీతం. రెండవది పట్టిక. అందులో ఒక్కో కార్మికునికి ఒక్కో అడ్డవరుస. నిలువు గళ్ళలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, బ్యాంకు ఖాతా, పి.ఎఫ్. నంబరు. సాఫ్ట్‌వేరు చేసేదల్లా మొదటి వరుస తీసుకోవడం, ఖాళీల్లో పెట్టడం, ఒక పత్రం అచ్చు వేయడం, రెండవ వరుసకు పోవడం. అంతకన్నా దానికి ఏమీ తెలియదు. గడిలో ఏది ఉంటే అది పెడుతుంది. అది నిజమా కాదా అని అడగదు.

నేత ఎరిగినవారికి దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. నమూనా పత్రం పడుగు, పట్టిక పేక. బీము మీద ఎక్కిన పడుగు గుడ్డ మొదటినుంచి చివరిదాకా ఒకటే. వరుస వరుసకూ వచ్చి పడేది పేక. పేకలో ఒక పోగు తప్పు పడితే ఆ ఒక్క వరుసలో కనిపిస్తుంది. పడుగులో ఒక పోగు తప్పు ఎక్కితే గుడ్డ పొడుగునా గీతలాగా వస్తూనే ఉంటుంది. కాగితాల్లోనూ అంతే. పట్టికలో తప్పు ఒక్కరిని దెబ్బతీస్తుంది. నమూనాలో తప్పు అందరినీ దెబ్బతీస్తుంది. ఈ రెండు తప్పులూ వేరు, వీటిని పట్టుకునే పద్ధతీ వేరే.

ఈ పోలిక మేము కష్టపడి తెచ్చిపెట్టింది కాదు. ఈ యంత్రాల వంశవృక్షంలోనే మగ్గం ఉంది. ఫ్రాన్సులో లియాన్ నగరానికి చెందిన జకార్డు 1804లో రంధ్రాలు పొడిచిన అట్టలతో డిజైను నేసే మగ్గాన్ని తయారు చేశాడు. ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో అట్టలోని రంధ్రమే చెప్పేది. అదే శతాబ్దం చివర, 1890లో, అమెరికా జనాభా లెక్కల్లో హొలెరిత్ అనే ఇంజనీరు ఒక్కో మనిషికి ఒక్కో రంధ్రాల అట్ట తయారు చేయించి, వాటిని యంత్రంతో లెక్కపెట్టించాడు. పోగు సంగతి చెప్పిన అట్టముక్క మనిషి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. 1980ల తొలినాళ్ళకే వర్డ్‌స్టార్ అనే సాఫ్ట్‌వేరుకు తోడుగా మెయిల్‌మెర్జ్ వచ్చింది. ఒక ఉత్తరాన్ని, ఒక చిరునామాల జాబితాను కలిపి వందల ఉత్తరాలు తీసే పని అది. ఈనాడు మిల్లు ఆఫీసులో జరిగేది ఆ పనే.

యంత్రం మీద మాకు పగ లేదు. పి.ఎఫ్. ఆఫీసుకు ఏటా ఒక్కో కార్మికునికి ఫారం 3ఎ నింపి పంపే రోజుల్లో గుమాస్తా చేతిరాత వల్ల, కార్బను కాగితం అలుక్కుపోవడం వల్ల ఎన్ని ఖాతాలు తారుమారయ్యాయో పాతవారికి తెలుసు. 2012లో ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చాక ఆ శ్రమ తగ్గింది. మంచిదే. కాని చేత్తో రాసేటప్పుడు గుమాస్తా ఒక్కో పేరునూ ఒక్కసారైనా చూసేవాడు. మనిషిని ఎరిగినవాడైతే "ఈయన చేరి ఇరవై ఏళ్ళయింది కదా, ఇక్కడ పదని ఉందేమిటి?" అని ఆగేవాడు. యంత్రం అలా ఆగదు. ఆ ఆగే పని ఇప్పుడు మనమే చేయాలి.

పేకలో వచ్చే తప్పులు

పట్టికలో తప్పులు ఎలా వస్తాయో కొన్ని చూద్దాం. ఇవి కార్మికులందరికీ తెలిసి ఉండాలి.

ఒకటి, సున్నాలు ఎగిరిపోవడం. టోకెను నంబరు 0457 అయితే కంప్యూటరు పట్టిక దాన్ని సంఖ్య అనుకుని ముందున్న సున్నాను తీసేసి 457 అని పెడుతుంది. సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబరుకూ ఇదే గతి పడుతుంది. ఎక్సెల్ పట్టిక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. అచ్చులో చూస్తే నంబరు పొడుగ్గా, అచ్చంగా సరైనదిలాగే ఉంటుంది. జీతం మాత్రం మీ ఖాతాలో పడదు.

రెండు, తేదీ తిరగబడటం. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికా పద్ధతిలో నెల ముందు. 03-04-1998 అంటే మనకు ఏప్రిల్ 3, కంప్యూటరులో ఆ ఏర్పాటు సరిచేయకపోతే మార్చి 4. పుట్టిన తేదీ ఒక కాగితంలో ఒకలా, మరొకదానిలో ఇంకోలా ఉంటే 58 ఏళ్ళకు పెన్షను కోసం వెళ్ళినప్పుడు ఆ తేడాయే గోడలా అడ్డం నిలుస్తుంది.

మూడు, వరుస జరగడం. పట్టికలో పేర్లను అక్షరక్రమంలో పెట్టేటప్పుడు పేర్ల గడి ఒక్కటే కదిలి, పక్క గళ్ళు కదలకపోతే ఒకరి పేరు పక్కన ఇంకొకరి వివరాలు వస్తాయి. ఒక్క క్షణంలో వెయ్యిమంది పత్రాలూ తారుమారవుతాయి.

నాలుగు, ఖాళీ గడి. చేరిన తేదీ దొరకకపోతే ఆ గడిలో కంప్యూటరు పెట్టిన రోజో, కొత్త కంపెనీ పేరు వచ్చిన రోజో నింపేస్తారు. ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైనది. ఎందుకో లెక్క వేసి చూడండి. గ్రాట్యుటీ అంటే పూర్తయిన ఒక్కో సంవత్సరానికి 15 రోజుల జీతం. నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తారు. మూలవేతనం, కరువు భత్యం కలిపి 13,000 రూపాయలు వచ్చే కార్మికునికి ఏడాదికి 7,500 రూపాయలు. 1998లో చేరిన మనిషికి పత్రంలో 2009 అని పడితే 11 సంవత్సరాలు మాయమైనట్టు. అంటే 82,500 రూపాయలు. దొంగ ఎవడూ ఇంట్లోకి రాలేదు. ఒక గడిలో నాలుగు అంకెలు మారాయి, అంతే.

ఐదవది మన తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చిపడే తప్పు. మనకు ఇంటిపేరు ముందు. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియలు. ఇంటిపేరు కొండపల్లి, తండ్రి పేరు సుబ్బయ్య అనుకోండి. అదే వెంకటేశ్వర్లు ఊరి బడి సర్టిఫికెట్టులో కె. వెంకటేశ్వర్లు, మిల్లు హాజరుపట్టీలో ఎస్. వెంకటేశ్వర్లు, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తంగా ఒకవైపు, బ్యాంకు పుస్తకంలో తండ్రి పేరు మొత్తంగా ఇంకోవైపు. ఆయన దృష్టిలో తాను ఒక్కడే. కంప్యూటరు దృష్టిలో నలుగురు. దీనికి తోడు తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. గంగాధర్ పేరు తమిళంలో రాసి, అది చూసి ఇంకొకరు ఇంగ్లీషులో టైపు చేస్తే కంగాతర్ కావచ్చు. భాస్కర్ పాస్కర్ కావచ్చు. ఇందులో గుమాస్తా దురుద్దేశం ఏమీ లేదు. ఒక భాష పేరు మరో భాష గుండా పోయి మూడో భాషలో తేలింది. నష్టం మాత్రం మనిషిదే. 2021 సెప్టెంబరులో ఆధార్‌తో జతపడిన యు.ఎ.ఎన్. నంబరుకే పి.ఎఫ్. చందా కట్టాలన్న నియమం వచ్చింది. ఆనాటినుంచి పేరులో ఒక్క అక్షరం తేడా కూడా చిన్న విషయం కాకుండా పోయింది.

ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్ ఆధారంగా ఇచ్చిన యు.ఎ.ఎన్. ఉన్నవారు తమ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చేరిన తేదీ, మానిన తేదీ వంటివాటిని ఆన్‌లైన్‌లో తామే సరిచేసుకునే సౌకర్యాన్ని పి.ఎఫ్. సంస్థ 2025 జనవరిలో కల్పించింది. అంతకు ముందటి నంబర్లు ఉన్నవారు యాజమాన్యం ద్వారా దిద్దించుకోవాలి. రిటైరయ్యే నెలలో కాకుండా, ఇప్పుడే ఆ పని చేయండి.

పడుగులో వచ్చే తప్పులు

ఇక నమూనా సంగతి. ఇందులో కంప్యూటరు పొరపాటు ఉండదు. ఎవరో ఆలోచించి రాసిన వాక్యాలే ఉంటాయి. చేరినప్పుడు పర్మనెంటు అయిన కార్మికునికి ఇప్పుడు ఇచ్చే "కొత్త" నియామక పత్రంలో నిర్ణీత కాల ఉద్యోగం అన్న వాక్యం ఉంటే? "ఈ తేదీనుంచి మిమ్మల్ని నియమిస్తున్నాము" అని ఉంటే? "ఏ యూనిట్‌కైనా బదిలీ చేయవచ్చు" అని ఉంటే? అది మీ ఒక్కరి పత్రంలో ఉన్న వాక్యం కాదు, అందరి పత్రాల్లోనూ ఉంటుంది. మీ పేరు సరిగా ఉందని, జీతం సరిగా ఉందని సంతోషించి సంతకం పెడితే, సరిగ్గా ఉన్న పేరు కిందే మీ పాత సర్వీసు పోయినట్టు ఒప్పుకున్నారని రేపు వాదిస్తారు. మన కళ్ళు మారే చోట్లనే వెతుకుతాయి. మారని వాక్యాలను చదవం. మోసం జరగదలచుకుంటే అక్కడే జరుగుతుంది.

సంజాయిషీ నోటీసుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మా ఎరుకలో ఒక మిల్లులో, దాని పేరు ఇక్కడ అనవసరం, ఒక షిఫ్టు మొత్తానికి ఒకే నోటీసు వచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నం షిఫ్టులో ఫలానా గంటకు మీరు మీ ఫ్రేము వదిలి వెళ్ళి, మిగతావారిని పని మానమని రెచ్చగొట్టారు అని. అందరికీ అవే మాటలు, అదే గంట, అదే నేరం. పేరు, టోకెను నంబరు మాత్రం వేరు. అందరూ అందరినీ రెచ్చగొడితే రెచ్చిపోయినవారెవరు? ఆ నోటీసు అందుకున్నవారిలో ఒక సోదరి ఆ రోజు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో మంచం మీద ఉంది. ఆమె ఆసుపత్రి కాగితం జతచేసి జవాబిచ్చింది. ఆ నోటీసులు విచారించి ఇచ్చినవి కావు, హాజరుపట్టీలోని పేర్ల జాబితాకు తగిలించినవి అని ఆ ఒక్క కాగితం నిరూపించింది.

ఇటువంటి పనిని న్యాయస్థానం ఎలా చూసిందో మన కార్మికులు తెలుసుకోవాలి. 1985లో జమ్మూ కాశ్మీరుకు చెందిన ఒక ముందస్తు నిర్బంధం కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. పోలీసు అధికారి పంపిన నివేదికను జిల్లా మేజిస్ట్రేటు ఏం చేశాడని ఆయన పరిశీలించారు. నివేదికలో "ఈ వ్యక్తి" అని ఉన్నచోట "నీవు" అని, దాని పక్కన పేరు, తండ్రి పేరు, ఊరు పెట్టి, "అతడు" అన్నచోటల్లా "నీవు" అని మార్చి, మిగతాదంతా మాటకు మాట ఎత్తి రాశాడు. నిర్బంధానికి చూపిన కారణాలు అవే. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయాన్ని ఇంత యాంత్రికంగా, మనసు పెట్టకుండా చేయడం కుదరదని కోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టివేసింది. మిల్లు నోటీసు, జైలు ఉత్తర్వు ఒకటి కాదు, నిజమే. కాని ఒక మనిషి మీద నేరం మోపేటప్పుడు ఆ మనిషి ఏం చేశాడో విడిగా ఆలోచించి చెప్పాలన్న న్యాయసూత్రం రెండింటికీ ఒకటే. ఆ మేజిస్ట్రేటు చేతిలో సాఫ్ట్‌వేరు కూడా లేదు. సాఫ్ట్‌వేరు ఉన్నవాడికి ఆ పని ఎంత తేలికో ఊహించుకోండి.

ఇతరచోట్ల ఏం జరిగింది?

ఇది మన మిల్లుల బాధ మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం 2016నుంచి కంప్యూటరు పట్టికల ఆధారంగా పేదలకు, నిరుద్యోగులకు "మీరు ఎక్కువ సాయం తీసుకున్నారు, తిరిగి కట్టండి" అని ఉత్తరాలు పంపించింది. పన్నుల శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని తీసుకుని, 26 పక్షాలకు సమానంగా పంచేశారు. ఆరు నెలలు పని దొరికి, ఆరు నెలలు దొరకని మనిషి ఏడాదంతా సంపాదించినట్టు లెక్క తేలింది. బదిలీ కార్మికునిగా నెలకు పది రోజులు పని దొరికినవారికి ఈ లెక్కలోని అన్యాయం విడమరచి చెప్పనక్కరలేదు. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు ఎదుట ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేలింది. 2020లో దాదాపు 4 లక్షల 70 వేల బాకీలకు సంబంధించి 72 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా తిరిగి ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. 2023లో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అంత దూరం ఎందుకు? తెలంగాణలో వేర్వేరు శాఖల పట్టికలను కలిపి, జల్లెడపట్టి, అనర్హులంటూ రద్దు చేసిన రేషను కార్డులు దాదాపు 19 లక్షలు. ఒకరి పేరు మరొకరి పేరుతో కలిసిపోయి, కారు లేనివారు కారు యజమానులుగా తేలిన ఉదంతాలు బయటికి వచ్చాయి. రద్దయిన కార్డులను స్వయంగా వెళ్ళి మళ్ళీ విచారించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పట్టికలో వరుసగా ఉన్న మనిషి గుమ్మం దగ్గరికి వెళ్ళి చూడమనడమే ఆ ఆదేశం సారం. మనం అడిగేదీ అదే.

భాష సంగతి

ఇంకొక మాట. ఈ పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. స్టాండింగ్ ఆర్డర్లను ఇంగ్లీషులోను, కార్మికులలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోను గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలని 1946 నాటి చట్టం చెప్పింది. తమిళనాడు మిల్లుల్లో ఆ రెండో భాష తమిళం అవుతుంది. అది న్యాయమే. కాని ఆంధ్ర జిల్లాలనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి పనిచేసే పిల్లలకు ఆ రెండూ చదవడం రాదు. చదవలేని కాగితం మీద వారిచేత సంతకం చేయిస్తున్నారు.

"ఇన్ని భాషల్లో ఎలా ఇస్తాం?" అని ఆఫీసర్లు అడుగుతారు. వారికి మన కోడంబాక్కం పక్క వీధులే జవాబు చెబుతాయి. ఇక్కడికి కూతవేటు దూరంలో, వడపళనిలో, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో మొదలుపెట్టిన చందమామ తెలుగులోను, అంబులిమామగా తమిళంలోను వెలువడింది. తర్వాత పన్నెండుకు పైగా భాషలకు పెరిగింది. బొమ్మలు అవే, కథలు అవే, అక్షరాలు మాత్రం భాషభాషకూ మారేవి. ఆ పత్రిక ఇప్పుడు లేదు. కాని సీసపు అక్షరాలు పేర్చే కాలంలోనే సాధ్యమైన పని, కంప్యూటరు ఉన్న ఈ కాలంలో ఎందుకు సాధ్యం కాదు? పట్టిక ఒకటే. నమూనా పత్రాన్ని ఒక్కసారి తెలుగులోకి మార్చి పెట్టుకుంటే వెయ్యిమందికీ తెలుగు పత్రం అదే మీటతో వస్తుంది. అదనపు ఖర్చు ఒక్కసారి చేసే అనువాదమే. పత్రాలు నింపడానికి పనికివచ్చే యంత్రం కార్మికునికి అర్థమయ్యే భాషలో నింపడానికి పనికిరాదంటే, లోపం యంత్రంలో లేదు.

యాజమాన్యాలను కోరుతున్నవి

1. పత్రం ఇచ్చిన చోటే సంతకం అడగకూడదు. ఇంటికి తీసుకుపోయి చదివించుకోవడానికి కనీసం మూడు రోజులు గడువు ఇవ్వాలి.

2. నమూనా పత్రాన్ని అచ్చు వేయడానికి ముందే సంఘానికి చూపించాలి.

3. పట్టికలో తన గురించి ఏమేమి రాసి ఉందో ఆ వరుస మొత్తం అచ్చు తీసి ఒక్కో కార్మికునికి ఇవ్వాలి. తన సమాచారాన్ని సరిదిద్దించుకునే హక్కు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనూ రాసి ఉంది.

4. తప్పు దిద్దినప్పుడు పాత అంకె ఏమిటి, కొత్తది ఏమిటి, ఎవరు ఎప్పుడు దిద్దారు అన్నది రికార్డులో ఉండాలి.

5. సంజాయిషీ నోటీసులో ఆ కార్మికుడు విడిగా చేశాడంటున్నది ఏమిటో ఉండాలి. ఆ సంగతి పరిశీలించిన అధికారి పేరు, సంతకం ఉండాలి.

6. ఇంగ్లీషుతోపాటు తమిళం, తెలుగు ప్రతులు ఇవ్వాలి.

మనం చేయవలసినవి

అడగడంతో మన పని అయిపోదు. పేకను ఎవరిది వారే చూసుకోవాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పి.ఎఫ్. పాస్‌బుక్, ఇ.ఎస్.ఐ. కార్డు, కొత్త నియామక పత్రం, ఈ ఐదూ పక్కపక్కన పరుచుకుని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ అక్షరం అక్షరం, అంకె అంకె పోల్చుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వారిచేత చదివించండి. పాత జీతం చీటీలు, టోకెను, ఇ.ఎస్.ఐ. పాత కార్డు ఏవీ పారేయకండి. 1998లో చేరానని మీ నోటిమాట చెబితే పట్టికకు వినబడదు. 1998 నాటి ఒక్క చీటీ చూపితే వినక తప్పదు.

పడుగును మాత్రం ఒక్కొక్కరు విడిగా చూసుకోలేరు. అది సంఘం పని. మీ పత్రం నకలు ఒకటి సంఘం ఆఫీసులో ఇవ్వండి. నాలుగు విభాగాల నుంచి నాలుగు పత్రాలు పక్కన పెట్టి చూస్తే మారని వాక్యాలేవో తేలిపోతాయి. వాటిలో మనకు హాని చేసేవాటి మీద సంఘం తరఫున ఒకే అభ్యంతరం ఇస్తాము. అంతవరకూ సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, "పాత సర్వీసుకు భంగం లేకుండా" అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి.

ఈ పనిముట్టును మనమూ వాడుకోవచ్చు. పి.ఎఫ్. దిద్దుబాటు దరఖాస్తులు, గ్రాట్యుటీ అర్జీలు, లేబర్ ఆఫీసుకు పిటిషన్లు ఒక్కొక్కటీ రాసే చోట, ఒక నమూనా, ఒక పట్టిక ఉంటే ఒక సాయంత్రంలో వందమంది అర్జీలు తయారవుతాయి. కాని రెండు కట్టుబాట్లు పెట్టుకోవాలి. మొదటిది, ఏ అర్జీలోనైనా ఆ కార్మికుడు తన సొంత సంగతి చెప్పుకునేందుకు చోటు ఉండాలి, అది ఆయనను అడిగే రాయాలి. అందరికీ ఒకటే నోటీసా అని యాజమాన్యాన్ని నిలదీసే మనం, అందరికీ ఒకటే జవాబు రాసి పంపితే ఆ ప్రశ్నకు విలువ పోతుంది. రెండవది, మన పట్టికలోని ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు వాట్సాప్‌లో చేతులు మారకూడదు. కార్మికుడు నమ్మి ఇచ్చిన వివరం సంఘం దగ్గర చందా డబ్బుతో సమానం. దానికీ లెక్క చెప్పవలసిందే.

సోదర సోదరీమణులారా! రాత్రి షిఫ్టు చేసి కళ్ళు మూతలు పడుతున్న వేళ, గేటు దగ్గర వరుసలో నిలబెట్టి ఇచ్చే కాగితం చదవడం కష్టమే. అందుకే ఆ వేళ ఇస్తారు. చదవలేనివారికి పక్కవారు చదివి వినిపించండి. ఈ సంచికను కూడా అలాగే చదివి వినిపించండి. పోగు తెగితే యంత్రం ఆపి ముడివేసి నడిపించే చేతులు మనవి. తెగిన పోగు కనిపెట్టే మన చూపు గుడ్డ మీద ఎంత పదునుగా పనిచేస్తుందో, మన పేరున్న కాగితం మీద కూడా అంత పదునుగా పనిచేయాలి.

చదవకుండా సంతకం వద్దు! మన సర్వీసు మన హక్కు!
కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

సంఘం కార్యదర్శి
కోడంబాక్కం, చెన్నై